ఇల్లు కట్టుటయందు సామగ్రి దుర్వ్యయము – హేతువులు, నివారణోపాయములు

(వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)

విద్యను గూర్చియు వృత్తుల యభివృద్ధిని గూర్చియు పెద్దలు మాటలాడిన యీ వేదికపై నేను విఱిగిన యిటుకలను, గడ్డకట్టిన సిమెంటు బస్తాలను, తెగిన యినుప ముక్కలను గూర్చి మాటలాడ సాహసించుచున్నాను. విషయము చిన్నదని కొందఱు నవ్వుకొనవచ్చును. కాని నేను నలువదియేండ్లుగా ఖమ్మము మొదలు భద్రాచలము వఱకు నీ యడవియంచు గ్రామములలో కొలతబద్ద చేతబట్టి తిరిగినవాడను. ఇల్లు మొదలుపెట్టి పైకప్పు వేయలేక మొండిగోడలతో విడిచిన కుటుంబములను పెక్కింటిని జూచితిని. వారిలో సోమరులు గాని దురలవాట్లు గలవారు గాని మిక్కిలి తక్కువ. వారి ధనమెక్కడికి పోయెనని లెక్క చూచినప్పుడెల్ల, కొంత వడ్డీకిని కొంత ధరల పెరుగుదలకును పోగా, మిగిలినది ఆ యింటిచుట్టునే నేలలో గలిసి కానవచ్చెడిది.

ఈ విషయము నిప్పుడే యెత్తుటకు కారణము గలదు. 2024 మార్చి 11వ తేదీన భద్రాచలముననే ఇందిరమ్మ ఇండ్ల పథకము ప్రారంభింపబడినది. సొంతస్థలము గల పేదవానికి 5 లక్షల రూపాయలు ప్రభుత్వ సహాయము. ఇల్లు 400 చదరపుటడుగులకు తక్కువ కాకుండ నుండవలెను. ప్రకటింపబడిన యొక విభజన ప్రకారము పునాది గట్టుపని ముగిసిన పిదప 1 లక్ష, గోడలు లేచిన పిదప 1 లక్ష 25 వేలు, శ్లాబు పడిన పిదప 1 లక్ష 75 వేలు, సర్వము ముగిసిన పిదప 1 లక్ష. అనగా పని ముందు, పైకము తరువాత. గోడలయందు పది బస్తాల సిమెంటు వృథాయైనచో ఆ లోటును పూడ్చుటకు తరువాతి వాయిదా ముందుగా రాదు. అప్పు చేయవలెను, లేదా పని నిలుపవలెను. ధనవంతుని మేడలో పది బస్తాలు పోయిన నాతని కది తెలియదు. 400 అడుగుల యింటిలో పోయినచో కప్పే రాదు.

దుర్వ్యయమనగానే మనకు వీథిలో పోసిన రాళ్లు, ఇటుక ముక్కలు కన్నులకు గట్టును. ఆ కుప్ప కనబడు నష్టము. కనబడని నష్టము దానికంటె పెద్దది, అది గోడలోనే దాగియుండును. ఒక యుదాహరణము చెప్పెదను. గోడకు పూత 12 మిల్లీమీటర్ల మందము చాలును. తాపీమేస్త్రి తూకపుగుండు సరిగా పట్టక గోడ నొక వైపునకు వంచెననుకొనుడు. ఆ వంకరను కప్పుటకు పూత 20 మిల్లీమీటర్లగును. నూఱు చదరపు మీటర్ల గోడపై నీ యెనిమిది మిల్లీమీటర్లు ముప్పాతిక ఘనపు మీటరునకు మించిన పాకమగును. ఒకటికి అయిదు పాళ్లు కలిపిన పాకమైనచో దానిలో 5 బస్తాల సిమెంటు చేరినట్లే. ఇల్లు చూడవచ్చినవారు "పూత నున్నగా నున్నది" అని మెచ్చుకొందురు. ఆ నునుపు వెనుక నయిదు బస్తాలు పాతిపెట్టబడినవని యెవరికి తెలియును?

పూర్వము మన ప్రాంతమున నిట్లుండెడిది కాదు. కోయవారి పాతకాలపు టింటిని జూడుడు. అడవికఱ్ఱ గుంజలు, వెదురు తడిక, దానిపై మట్టిపూత, మీద గడ్డి గాని తాటియాకు గాని. ఆ యిల్లు విప్పినచో మిగులునది మన్నులో గలియును, మంచి గుంజలు మరల క్రొత్త యింటికి పనికివచ్చును. ఊళ్లలోని పెంకుటిండ్లయందును దూలములు, ద్వారబంధములు, వాసములు రెండు మూడు తరముల యిండ్లకు మాఱుచు వచ్చినవి. పోలవరము జలాశయపు ముంపుగ్రామములనుండి కదలిన కుటుంబములు తలుపులను, దూలములను, పెంకులను ట్రాక్టర్లపై వేసికొని పోవుట మనమెఱిగినదే. అది పిసినారితనము కాదు. ఆ కలప మరల దొరకదని వారికి తెలియును. అట్లని పాతకాలమంతయు బంగారమని నేననను. గడ్డియిండ్లు నిప్పునకాహుతి యైనవి, చెదలు గుంజలను తినినవి, వఱదలు మట్టిగోడలను కరగించినవి. పక్కా యిల్లు కావలసినదే. కాని పాత యింటిలో ప్రతి వస్తువును తెచ్చుటకు మనుష్యుడు స్వయముగా శ్రమపడెను గనుక దాని వెల వానికి తెలిసెను. నేడు ఫోను చేసిన ట్రాక్టరు వచ్చి గుమ్మమువద్ద కుమ్మరించి పోవుచున్నది.

కలప మాట వచ్చినది గనుక మన వృత్తికి సంబంధించిన విశేష మొకటి మనవి చేసెదను. గుండ్రని దుంగను కొలుచుటకు పూర్వమునుండి యొక పద్ధతి కలదు. దుంగ చుట్టుకొలతలో నాలుగవ వంతు తీసి, దానిని దానిచేతనే గుణించి, నిడివిచే గుణింతురు. ఈ లెక్కకు వచ్చునది దుంగ యొక్క నిజమైన ఘనపరిమాణములో నూటికి 78న్నర పాళ్లు మాత్రమే. తక్కిన యిరువదియొకటిన్నర పాళ్లు లెక్కకు రావు. కొందఱు దీనిని మోసమందురు. చదరముగా కోసినప్పుడు పోవు పైచెక్కకును ఱంపపు పొట్టునకును పెద్దలు ముందే మినహాయింపు నిచ్చిరని నా యభిప్రాయము. అనగా వారు వృథాను కొలతలోనే చేర్చిరి. నేటి యింటియజమాని యంచనాలలో వృథాకు పంక్తియే లేదు, కనుకనే యది వచ్చినప్పుడాతడు నివ్వెఱపోవును.

ఇక హేతువుల కడకు వచ్చెదను. నా యనుభవమున సగము వృథా ముగ్గుపోయుటకు ముందే పుట్టుచున్నది. పటము లేకుండ, లేదా కాగితముపై నాలుగు గీతలతో పని మొదలుపెట్టుట మన యలవాటు. గది పన్నెండడుగులా, పదకొండున్నరయా యన్నది యజమానికి మర్యాదకు సంబంధించిన విషయము. ఇనుపకమ్మికి మాత్రమది లెక్కకు సంబంధించిన విషయము. అంగట కమ్మి 12 మీటర్లు, అనగా సుమారు 39 అడుగుల 4 అంగుళములు. పన్నెండడుగుల గదికి శ్లాబు కమ్మి గోడలపై కూర్చుండుటకును మడతకును మఱి యొకటిన్నర యడుగు కలిపి 13న్నర యడుగులు కావలెననుకొందము. ఒక కమ్మికి రెండు ముక్కలే వచ్చును, పన్నెండడుగులకు పైగా మిగులును. గదిని పదకొండున్నర యడుగులు చేసితిరా, ముక్క 13 అడుగులు. మూడు ముక్కలు తెగి నాలుగంగుళములు మాత్రము మిగులును. 31 ముక్కలు కావలసినచోట మొదటి లెక్కకు 16 కమ్ములు, రెండవ లెక్కకు 11. పది మిల్లీమీటర్ల కమ్మి యొక్కొక్కటి 7 కిలోల 400 గ్రాములు తూగును గనుక నొక్క గదిలో 37 కిలోల భేదము. మిగిలిన ముక్కలను వేఱొకచోట నతుకవచ్చునని మేస్త్రి యనును. అతుకవచ్చును గాని, అతుకునకు నొకదానిపై నొకటి అరమీటరు వఱకు పఱచవలెను. అదియు నినుమే గదా! ఆఱంగుళముల గది తగ్గినందున మంచము పట్టక పోలేదు.

ఇటుకలయందును నింతే. ఊరి బట్టీల యిటుకలు ఒకచోటివలె నింకొకచోట నుండవు. ముందు నాలుగిటుకలు తెచ్చి కొలిచి, గోడ నిడివిని, కిటికీ వెడల్పును దానికి సరిపుచ్చినచో ప్రతి వరుసలోను ముక్క కొట్టుట తప్పును. దీనికి పట్టునది యొక పూట.

వాస్తుశాస్త్రమును గూర్చి నాకు గౌరవము కలదు. కాని వాస్తు చూపించుకొనుటకు సమయము ముగ్గుపోయుటకు ముందుగాని, గోడ లేచిన పిదప కాదు. పాల్వంచ వైపున నొక యింట వంటగది గోడను రెండుమార్లు కూల్చుట నేను కన్నులార జూచితిని. మొదటిసారి యజమాని బావమఱది తీసికొనివచ్చిన పండితుని మాటపై, రెండవసారి యజమానురాలి తమ్ముడు తెచ్చిన పండితుని మాటపై. మూడవమాఱు గోడ మొదటి చోటనే లేచినది. ఆ మూడు గోడల ఖర్చుతో నా యింటికి ప్రహరీ వచ్చియుండును.

సిమెంటు విషయమున నా తప్పునే చెప్పుకొందును. 1998వ సంవత్సరము వానకాలమునకు ముందు బూర్గంపహాడు వైపున మా సొంత యింటికి రెండు గదులు కట్టుచు, బస్తాకు కొంత తగ్గునన్న యాశతో నలువది బస్తాలు నొక్కసారిగా దింపించితిని. తడికల పాకలో మట్టినేలపై బస్తాపై బస్తా గోడకానించి పేర్చితిని. ఎందఱికో చెప్పువాడను, నా యింటికి వచ్చుసరికి నాకే తోచలేదు. పిదప వానలు పట్టినవి, వాగులు పొంగినవి, మేస్త్రి రాలేదు. నెలన్నరకు వచ్చి చూచునప్పటికి క్రింది వరుసలోనివియు గోడ నానినవియు పదమూడు బస్తాలు ఱాళ్లైనవి. అవి నేటికిని మా పెరటి బావివద్ద మెట్లుగా పడియున్నవి. బస్తా నేత యచ్చు వాటిపై నిప్పటికిని చక్కగా కనబడును. మా యింటి యిల్లాలు చుట్టములు వచ్చినప్పుడెల్ల వాటిని చూపి "ఇవి మా ఆయన గారు చౌకగా కొన్న మెట్లు" అని చెప్పుట మానలేదు.

సిమెంటు గాలిలోని చెమ్మను పీల్చును. మూడు నెలలు నిలువయుంచిన బలములో సుమారైదవ వంతు తగ్గునని యింజనీర్ల గ్రంథములు చెప్పుచున్నవి. గోదావరి యొడ్డున శ్రావణ భాద్రపదములలో నంతకంటె త్వరగానే తగ్గునని నా నమ్మకము. నేలనుండి జానెడెత్తున బల్లలు వేసి, గోడకు మూరెడు దూరముగా, పది బస్తాలకు మించిన యెత్తు లేకుండ పేర్చి, ముందు వచ్చినది ముందు వాడవలెను. వారమునకు సరిపడునంతే తెప్పించుట మఱియు మేలు.

ఇసుకయందలి మాయ చాలమందికి తెలియదు. గోదావరి ప్రక్కనున్నవారము గనుక నిసుకను నీటితో సమానముగా జూతుము. తడి యిసుక ఉబ్బును. కొలదిపాటి చెమ్మకే దాని పరిమాణము నాలుగవ వంతు పెరుగుట సామాన్యము. ఒక పెట్టె సిమెంటునకు ఆఱు పెట్టెల తడి యిసుక కలిపితినని మేస్త్రి యనుకొనును. నిజముగా నందు పడిన యిసుక నాలుగు పెట్టెల ముప్పాతికకు కొంచెమే యెక్కువ. గోడకు కావలసినదానికంటె సిమెంటు హెచ్చుగా పడినది, ఎవరును దొంగిలింపకయే బస్తాలు కరగినవి. చెమ్మ చూచుకొని యిసుక పెట్టె నొకటి హెచ్చు వేయుట నేర్చిన మేస్త్రి తన కూలిని తానే సంపాదించి యిచ్చినవాడగును.

ఇప్పుడు నేను మనవి చేయబోవునది మన వృత్తివారికి కొంత చేదుగా నుండును. క్షమింపుడు. ఈ ప్రాంతమున చిన్న యిండ్లలో నెక్కువభాగము కూలి గుత్తపై జరుగును. సామాను యజమాని తెచ్చును, మేస్త్రి చదరపుటడుగునకింతయని కూలి పుచ్చుకొనును. ఇందు మేస్త్రికి తొందరయే లాభము. కలిపిన పాకము మధ్యాహ్న భోజనవేళకు గట్టిపడినచో నీరు పోసి మరల కలుపును, లేదా పాఱవేయును. ఇటుక ముక్కను వెదకి తీసికొనుటకంటె క్రొత్త యిటుకను కొట్టుట సులభము. అడిగినచో "సామాను మీది, చెయ్యి మాది అయ్యగారూ" అనును. ఆ మాటలో పొగరు లేదు, ఒప్పందమే యట్లున్నది. సామానుతోగూడ గుత్త యిచ్చితిమా, వ్యవహారము తలక్రిందులగును. అప్పుడు మేస్త్రి వృథా కానీయడు గాని, గోడకు వేయవలసినదియు వేయడు. మొదటి పద్ధతిలో సామగ్రి వీథిపాలు, రెండవదానిలో బలము పోవును.

2025 మార్చి 26న భద్రాచలము పట్టణమధ్యమున కట్టుచుండిన బహుళాంతస్తుల భవనము కూలి, లోపల పనిచేయుచుండిన కూలీలు ప్రాణములు గోల్పోయిరి. దాని కారణములు విచారించుట నా పని కాదు. కాని యా దినము మొదలుకొని నేను "పొదుపు" అన్న మాట వాడునప్పుడు నాలుగువైపుల జూచి వాడుచున్నాను. పునాది లోతు తగ్గించుట, కమ్మి పలుచన చేయుట, నీరు పట్టుట మానుట పొదుపు కాదు. తన బరువును మోయుటకు కావలసినంత గోడలో నుండవలెను. అంతకు మించినదియు నేలపాలైనదియు మాత్రమే నేను చెప్పుచున్న దుర్వ్యయము. ఈ రెంటిని వేఱుచేసి చూపగలవాడు పనివాడే కాని యజమాని కాడు. కనుకనే యీ మాట మన సభలో చెప్పుచున్నాను.

ఈ చిక్కునకు నేను గత కొన్నియేండ్లుగా నొక యుపాయమును నడపి చూచితిని. కూలి మామూలుగా నిచ్చుట. ముందే గోడగోడకు ఇటుక, సిమెంటు, ఇసుక లెక్క వ్రాసి యజమానియు మేస్త్రియు చేవ్రాలు చేయుట. పని ముగిసిన పిదప లెక్కకంటె మిగిలిన సామాను వెలలో సగము మేస్త్రికిచ్చుట. గోడ మందము, కమ్ముల సంఖ్య, పాకపు పాళ్లు తగ్గలేదని ప్రతి మజిలీకి కొలిచి చూచుట దానిలోని షరతు. తొలుత మేస్త్రులు నవ్విరి. ఒక యింట మిగిలిన బస్తాలకు సొమ్ము చేతబడిన పిదప, గమేళాలోని పాకమును కడిగి గోడకు పూయుట వారికే యలవాటైనది. అన్నిచోట్ల నిది నెగ్గినదని చెప్పను. యజమాని మాట తప్పినచోట రెండవమాఱెవ్వరు నమ్ముదురు?

లెక్క పెట్టుపనికి నేను చూచినంతలో ఇంటి యాడువారిని మించినవారు లేరు. గోడకు నీరు పట్టువారు వారే, బస్తాలెన్ని వచ్చినవో యెన్ని విప్పినవో యెఱిగినవారు వారే. ట్రాక్టరువాడు ఇటుకలను దింపక కుమ్మరింపబోయినప్పుడు అడ్డము నిలిచినదియు మగవాడు కాదు, ఇంటి ముసలమ్మ.

ఎంత జాగ్రత్తపడినను కొంత మిగులును. దాని నేమి చేయవలెను? భద్రాచలమున నిది కష్టమైన ప్రశ్న. 2014లో చుట్టుపట్ల గ్రామములు ఆంధ్రప్రదేశమున చేరిన పిదప పట్టణమునకు చెత్త వేయుటకే నేల కొఱతయైనది. కట్టడపు శిథిలములు వాగు గట్టునకో, గోదావరి యొడ్డునకో చేరుచున్నవి. 2016 నాటి కేంద్ర నియమములు దినమునకు 20 టన్నులకు గాని, ఒక పనిలో నెలకు 300 టన్నులకు గాని మించి శిథిలములు పుట్టించువారిని ముందుగా ప్రణాళిక సమర్పింపుమన్నవి. మన చిన్న యిల్లు ఆ లెక్కకు రాదు. కాని నూఱు చిన్న యిండ్ల కుప్పలు నొక్క కాలువను పూడ్చగలవు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటెను, 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మము వీథులలో ప్రవహించెను. ఆ వఱదలు మన రాళ్లకుప్పలవలన వచ్చినవి కావు; కాని వాననీరు పోవలసిన కాలువలో ఇటుకలు పోసినవాని వీథిలో నీరు రెండుదినములు హెచ్చుగా నిలుచుట నిజము.

నిజమునకీ మిగులులో పాఱవేయదగినది స్వల్పము. ఇటుక ముక్కలు, గట్టిపడిన పాకపు పెళ్లలు పునాదిగట్టు నింపుటకు పనికివచ్చును. మొరము ట్రాక్టరు నొకటి తగ్గును. పాత గచ్చుపనిలో ఇటుకపొడిని సున్నముతో నూఱి వాడుట మన తాతలెఱిగినదే. ఖమ్మము గ్రానైటు కర్మాగారములయందు కోతలో మిగులు ముక్కలు అరుగులకు, మెట్లకు, స్నానపుగది నేలకు దివ్యముగా నొప్పును. పాల్వంచలో 1966 మొదలు బొగ్గు కాల్చిన బూడిద నేడిటుకయై మన వాకిటికి వచ్చుచున్నది. ఆ యిటుకలు కొలతకొకటి తప్పక సమముగా నుండుటచే పూత పలుచగా చాలును. అక్కడనే మూతవడిన పాత విద్యుత్కేంద్రపు ఎనిమిది శీతల గోపురములను 2024 ఆగస్టులో పేల్చి కూల్చినప్పుడు జనులు తీర్థమునకు వచ్చినట్లు వచ్చి చూచిరి. నేను మాత్రము దుమ్మణగిన పిదప లోపలి యినుము నెవరు దీయుదురా యని చూచుచు నిలిచితిని. వృత్తిదోషము!

మన సంఘమువారికి నాదొక విన్నపము. మన వసతిగృహపు వెనుకనున్న ఖాళీస్థలములో నొక మూల రేకులు వేయించినచో, ఒకరి యింట మిగిలిన కమ్మి ముక్కలు, తలుపు చెక్కలు, పలకలు, విప్పని బస్తాలు అచ్చట నుంచి తూచి వ్రాసికొని, వేఱొకరు సగము వెలకు గొనిపోవచ్చును. దీనికి జీతగాడక్కఱలేదు, ఒక తూనిక, ఒక పుస్తకము చాలును. ఆ పుస్తకమును మొదటి సంవత్సరము నేనే వ్రాయుదును.

నేను చెప్పిన గోడగోడకు సామగ్రి లెక్క పట్టిక 400 అడుగుల యింటికి తెలుగున వ్రాసి తెచ్చితిని. ఇటుక కొలత మాఱినచో నంకెల నెట్లు మార్చవలెనో దాని వెనుకప్రక్క నున్నది. ప్రతులు నలువది మాత్రమే యున్నవి. ఈ సంవత్సరము ముగ్గు పోయదలచినవారు ముందు తీసికొందురు గాక.